అడుగు లెక్కకు అందని బోరు

భూగర్భ బొగ్గు గనిలో 300 మీటర్ల లోతున 4.8 మీటర్ల వెడల్పు గ్యాలరీ ఒకటి ఉందనుకుందాం. అక్కడ ఊరుతున్న నీటిని నేరుగా పైకి తోడేందుకు ఉపరితలం నుంచి బోరు దించాలి. సర్వే చేసి, రిగ్గును గ్యాలరీ నడిమధ్యకు సరిగ్గా పైనే నిలబెట్టారు. దిగేకొద్దీ బోరు నిట్టనిలువు నుంచి ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగింది. పైన చూస్తే అది కంటికి ఆనని తేడా. 300 మీటర్ల కిందికి వెళ్లేసరికి అదే 5.2 మీటర్లు అవుతుంది. బోరు గ్యాలరీలో తేలాల్సింది పోయి పక్కనున్న బొగ్గు స్తంభంలో దిగబడుతుంది. గురి తప్పకుండా ఉండాలంటే ఒరుగుడు అర డిగ్రీకి లోపే ఉండాలి. ఇంత నికార్సైన పనికి కాంట్రాక్టరును ఎంచుకునే టెండరులో చివరికి అన్నిటినీ తేల్చేది మాత్రం ఒక్కటే ప్రశ్న: మీటరుకు ఎంత?

పొలంలో బోరు వేయించే రైతు అడిగేదీ అదే. అక్కడ ఆ ప్రశ్న సబబే. ఆరున్నర అంగుళాల బోరు కాస్త వంకరపోయినా నీళ్లు పడితే చాలు. అడుగుకు ఇంతని బేరం కుదుర్చుకుని, కేసింగ్ పైపులకు వేరే లెక్క కట్టి, తెల్లారేసరికి బోరు బండిని సాగనంపుతారు. నీళ్లు పడకపోతే నష్టం రైతుదే. ఆ పద్ధతినే గని మీదకు తెస్తే మూడు రకాల ఫలితాలు కనిపిస్తాయి. తగిన కాంట్రాక్టర్లు అసలు బిడ్డే వేయరు. వేసినవారు రేటును ఆకాశానికి ఎత్తుతారు. లేదంటే తక్కువకు పాడుకున్నవారు సగం బోరు వేసి రిగ్గు ఎత్తుకుపోతారు. ఈ మూడింటికీ కారణం కాంట్రాక్టర్ల కొరతేనని యాజమాన్యాలు అంటుంటాయి. కొరత ఉన్న మాట నిజమే. కానీ ఉన్న కొద్దిమందిని కూడా గేటు బయటే ఆపేస్తున్నది మనం రాసుకుంటున్న టెండరు పత్రం.

ఒకే గని, పలు రకాల బోర్లు

1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించినప్పటి నుంచి ప్రాణహిత-గోదావరి లోయలో బొగ్గు కథంతా బోర్లతోనే నడిచింది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం దాకా సింగరేణి ఎక్కడ గని తెరిచినా ముందు దిగింది అన్వేషణ బోరే. వజ్రపు బిట్టుతో రాతిని కోసి, కడ్డీల్లా పైకి తీసి, లోతు రాసిన పెట్టెల్లో వరసగా పేరుస్తారు. ఏ పొర ఎంత మందం, బొగ్గు ఏ గ్రేడు, పైకప్పు రాయి ఎంత గట్టిది అన్నవన్నీ ఆ పెట్టెల నుంచే తేలతాయి. పెట్టెలో కడ్డీ ముక్క ఒకటి లోపిస్తే, గని పటంలో అంత మేర ఊహ చేరినట్టే.

అన్వేషణతో బోర్ల పని అయిపోదు. ఓపెన్‌కాస్టు గని చుట్టూ భూగర్భ జలాన్ని ముందే తోడేసే బోర్లు కావాలి. నీటిమట్టాన్ని గమనించే సన్నని బోర్లు కావాలి. భూగర్భ గనిలో నీటిని పైకి తెచ్చే డెలివరీ బోరు, కరెంటు కేబుళ్లు దించే బోరు, బొగ్గు తీసిన ఖాళీలను నింపేందుకు ఇసుక, నీళ్లు కలిపి పంపే బోరు వేర్వేరు. మూసేసిన భాగంలో మంట రాజుకుంటే నైట్రోజన్ పంపేందుకు ఒకటి, పొరలోని మీథేన్‌ను తీసేందుకు మరొకటి. ఒకదానికి పనికొచ్చే రిగ్గు ఇంకోదానికి పనికిరాదు. కోర్ తీసే రిగ్గుకు వేగంకంటే ఓర్పు ముఖ్యం. గాలి ఒత్తిడితో సుత్తిలా కొట్టుకుంటూ దిగే రిగ్గు గట్టి రాతిలో చకచకా పోతుంది గానీ, వదులు మట్టిలో, ఉబ్బే బంకమట్టిలో తడబడుతుంది. పెద్ద వ్యాసం బోరుకు కావాల్సిన బిట్లు, బరువైన రాడ్లు, పంపులు, క్రేన్లు ఉన్న సంస్థలను దేశం మొత్తం మీద వెతుక్కోవాలి.

నీటి బోరు ఎంత కీలకమో తమిళనాడులోని నైవేలీని చూస్తే తెలుస్తుంది. అక్కడ లిగ్నైట్ పొర కిందే చదరపు సెంటీమీటరుకు 6 నుంచి 8 కిలోల ఒత్తిడితో నీరు ఉంటుంది. పైనున్న మట్టి బరువు తీసేస్తే చాలు, ఆ నీరు గని అడుగును చీల్చుకుని పైకి తన్నుతుంది. అందుకే 1960ల తొలినాళ్ల నుంచి బోర్లు వేసి రేయింబవళ్లు నీటిని తోడుతూ, ఆ ఒత్తిడిని దించుతూనే లిగ్నైట్ తవ్వుతున్నారు. అక్కడ బోరు ఆగితే గని ఆగుతుంది.

నీటిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో మన గనుల చరిత్ర పదేపదే చెప్పింది. 1975 డిసెంబరు 27న చాస్‌నాలా గనిలో 375 మంది, 2001 ఫిబ్రవరిలో బాగ్డిగి గనిలో 29 మంది, 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో 17 మంది నీటి ఉప్పెనకు బలయ్యారు. నీళ్లు నిండిన పాత వర్కింగులకు (వదిలేసిన తవ్వకాలకు) 60 మీటర్ల లోపు తవ్వుతుంటే ముందుగా బోర్లు వేసి తడుముకుంటూ వెళ్లాలన్నది బొగ్గు గనుల నిబంధనల్లో దశాబ్దాలుగా ఉన్న సూత్రం. కాబట్టి ఇక్కడ బోరును కొనుగోలు శాఖ ఫైళ్లలో ఒక పద్దుగా చూడటానికి లేదు. అది షిఫ్టుకు దిగిన కార్మికుడి ప్రాణానికి కట్టిన కాపలా.

'ఇలాంటి పనులు' అంటే ఏవి?

మరి ఆ పనికి కాంట్రాక్టరును ఎలా ఎంచుకుంటున్నాం? రెండు కవర్ల పద్ధతి అందరికీ తెలిసిందే. ముందు సాంకేతిక బిడ్డు తెరుస్తారు. అర్హులని తేలినవారి ధర బిడ్డు మాత్రమే ఆ తర్వాత విప్పుతారు. అందులో అతి తక్కువ కోట్ చేసిన ఎల్1కు పని దక్కుతుంది. అర్హతకు కొలమానాలను కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002 డిసెంబరులో సూచించింది. గత మూడేళ్ల సగటు టర్నోవరు అంచనా వ్యయంలో కనీసం 30 శాతం ఉండాలి. గత ఏడేళ్లలో ఇలాంటి పనులు చేసిన అనుభవం ఉండాలి: అంచనాలో 40 శాతం విలువైనవి మూడు, లేదా 50 శాతం విలువైనవి రెండు, లేదా 80 శాతం విలువైనది ఒకటి. ప్రభుత్వ రంగ సంస్థల టెండర్లలో నేటికీ ఈ అంకెలు కనిపిస్తూనే ఉంటాయి.

భవనాలకు, రోడ్లకు ఈ కొలత చక్కగా సరిపోతుంది. డ్రిల్లింగు దగ్గరికి వచ్చేసరికి తేడా కొడుతుంది. కోటి రూపాయల అంచనాతో గనిలో డెలివరీ బోర్ల పని పిలిచారనుకుందాం. ఒక సంస్థ ఇలాంటి గనుల్లోనే నాలుగు బోర్లు గురి తప్పకుండా దించింది. ఒక్కో పని విలువ 30 లక్షలు. 40 లక్షల గీత దాటలేదు గనుక అది అనర్హం. ఇంకో సంస్థ రెండు జిల్లాల్లో పల్లెలకు తాగునీటి బోర్లు వేసే కాంట్రాక్టులు చేసింది. ఒక్కోటి 50 లక్షలు. టెండరులో ఇలాంటి పనులు అన్నచోట 'బోరు డ్రిల్లింగ్' అని మాత్రమే రాసి ఉంటే ఆ సంస్థ నిక్షేపంలా అర్హత సాధిస్తుంది. పని తెలిసినవారు గేటు బయట, తెలియనివారు లోపల. ఈ ఎంపికలో రూలు తప్పింది ఎక్కడా ఉండదు. ఆడిట్ అభ్యంతరమూ రాదు.

తప్పును విజిలెన్స్ కమిషన్ మీదకు నెట్టడం సులువే. కానీ ఇలాంటి పని అంటే ఏమిటో టెండరు పిలిచేవారే స్పష్టంగా నిర్వచించుకోవాలని ఆ ఉత్తర్వులే చెప్పాయి. ఆ ఒక్క పేరాను శ్రద్ధగా రాయాల్సింది గని యాజమాన్యం. వ్యాసం ఎంత, లోతు ఎంత, ఒరుగుడు ఎంతలోపు, గోఫ్‌లోకి (బొగ్గు తీసిన ఖాళీలోకి) గానీ పాత వర్కింగుల్లోకి గానీ బోరు దించిన అనుభవం ఉందా, ఒరుగుడు కొలిచిన సర్వే నివేదికలు చూపగలరా అన్నవి అర్హతలో ఉండాలి. గతేడాది టెండరులోంచి ఆ పేరాను కత్తిరించి ఈ ఏడాది పత్రంలో అతికిస్తే పని తెలిసినవారు ఎలా వస్తారు? ఆ పాత టెండరు ఏ ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ రంధ్రాల కోసమో రాసినది కావచ్చు.

నేల సంగతి ఎవరి లెక్క?

తగినవారు అర్హత సాధించినా ఇంకో చిక్కు ఉంది. నేల కింద ఏముందో కాంట్రాక్టరుకు తెలియదు. గోదావరి లోయలో బొగ్గు ఉండేది బరాకర్ పొరల్లో. వాటిపై చాలాచోట్ల నీటిని పట్టి ఉంచే కామ్థీ ఇసుకరాళ్లు ఉంటాయి. నడుమ బంకమట్టి పొరలు, పగుళ్లు, భ్రంశాలు తగులుతాయి. పాత గనుల మీద బోరు వేస్తుంటే బిట్టు ఉన్నట్టుండి ఖాళీలో పడుతుంది. అప్పటిదాకా పైకి వస్తున్న నీళ్లు ఒక్కసారిగా మాయమవుతాయి. రాడ్లు బిగుసుకుంటాయి. లక్షల విలువైన సామగ్రి లోపలే చిక్కుకుపోతుంది. దాన్ని పైకి తీయడానికి రోజులు పడతాయి, ఒక్కోసారి అసలు రానే రాదు. లోపల వేడెక్కిన గోఫ్ ఉంటే ప్రమాదం మరో రకం. గాలి ఒత్తిడితో బోరు వేయడమంటే మంటకు ఆక్సిజన్ అందించడమే. బోరు తెరుచుకోగానే విషవాయువులు పైకి తన్నుకు రావచ్చు కూడా.

మామూలు మీటరు రేటు టెండరులో ఈ నష్టభయమంతా కాంట్రాక్టరు నెత్తినే పడుతుంది. 'నేల స్థితిగతులు తెలుసుకునే బాధ్యత బిడ్డరుదే' అని ఒక వాక్యం రాసి యాజమాన్యం చేతులు దులిపేసుకుంటుంది. చిత్రమేమిటంటే ఆ నేల గురించి యాజమాన్యం దగ్గర దశాబ్దాల సమాచారం ఉంటుంది. అదే బ్లాకులో తీసిన పాత కోర్ పెట్టెలు, లాగ్ పుస్తకాలు, పాత వర్కింగుల పటాలు ఆఫీసు బీరువాల్లోనే ఉంటాయి. బిడ్డరుకు మాత్రం టెండరుతో పాటు అందేది ఒక పేజీ స్కెచ్. తెలియని నేలకు రేటు చెప్పమంటే అనుభవమున్న కాంట్రాక్టరు భయాన్ని కూడా రేటులో కలుపుతాడు, లేదంటే తప్పుకుంటాడు. అనుభవం లేనివాడికి భయం తెలియదు. తక్కువకు వేసి, ఎల్1 అవుతాడు.

తెలివైనవాడైతే మరో దారి పడతాడు. ఊహాజనితమైన లెక్క ఒకటి చూద్దాం. 300 మీటర్ల బోరు. పై 100 మీటర్లకు ఒక రేటు, కింది 200 మీటర్లకు మరో రేటు అడిగారు. మొదటి బిడ్డరు పైభాగానికి మీటరుకు 9,000, కిందిభాగానికి 4,000 వేశాడు. మొత్తం 17 లక్షలు. రెండో బిడ్డరు పైభాగానికి 5,000, కిందిభాగానికి 6,500 వేశాడు. మొత్తం 18 లక్షలు. పని మొదటివాడిదే. 150 మీటర్ల దగ్గర రాడ్లు బిగుసుకున్నాయి. పని వదిలేసి పోయేసరికి అతను చేతిలో వేసుకున్న బిల్లు 11 లక్షలు. అదే లోతుకు రెండోవాడి బిల్లు 8 లక్షల 25 వేలు అయ్యేది. సగం దిగిన బోరుతో గనికి ఒరిగేది శూన్యం. లక్ష రూపాయలు మిగిల్చామనుకున్న ఎంపిక 11 లక్షలను మట్టిపాలు చేసింది. మళ్లీ టెండరు పిలిచి, కొత్త బోరు మొదటి మీటరు నుంచి వేయాలి.

దీనికి విరుగుడు తెలియనిదేమీ కాదు. సొరంగాలు, భూగర్భ నిర్మాణాల కోసం అంతర్జాతీయ ఇంజినీర్ల సమాఖ్య ఫిడిక్ 2019లో 'ఎమరాల్డ్ బుక్' పేరుతో నమూనా ఒప్పందం తెచ్చింది. నేల ఎలా ఉంటుందని భావిస్తున్నామో యజమానే ముందుగా రాసి ఇవ్వాలన్నది దాని మూలసూత్రం. వాస్తవం దానికి భిన్నంగా ఉంటే ఆ అదనపు భారం యజమానిది. రాసినట్టే ఉన్నా పని చేయలేకపోతే ఆ లోపం కాంట్రాక్టరుది. బొగ్గు గని బోరుకు అంత పెద్ద ఒప్పంద పుస్తకం అక్కర్లేదు. సూత్రాన్ని తీసుకుంటే చాలు. రాతి రకాన్ని బట్టి వేర్వేరు రేట్లు అడగాలి. గని కారణాలతో రిగ్గు ఖాళీగా నిలిస్తే గంటకు ఇంతని ముందే రాయాలి. పటంలో లేని ఖాళీ తగిలి సామగ్రి పోతే ఎవరు ఎంత భరించాలో తేల్చాలి. చెల్లింపులను మీటర్లకు కాక దశలకు ముడిపెట్టాలి. రిగ్గు రాకకు కొంత, కేసింగ్ దిగి సిమెంటు పట్టాక కొంత, ఒరుగుడు సర్వేలో నెగ్గి, పంపు పరీక్ష పూర్తయ్యాక పెద్ద వాటా. అప్పుడు పైభాగం పిండుకుని పారిపోయే ఆశ ఉండదు.

ఒక్క బిడ్డు వస్తే నేరమా?

ప్రత్యేక డ్రిల్లింగు టెండర్లు తరచూ తెల్లమొహం వేసేది బిడ్ల సంఖ్య దగ్గర. ఒక్కటే వచ్చిందంటే ఫైలు మీద సంతకం పెట్టడానికి అధికారి జంకుతాడు. పోటీ లేదని రద్దు చేసి మళ్లీ పిలుస్తాడు. రెండోసారీ ఒక్కటే వస్తుంది, అప్పటికి రేటు పెరిగి ఉంటుంది. నిజానికి రూలు అంత భయపెట్టేదిగా లేదు. తగినంత ప్రచారం ఇచ్చి, అర్హతలు అనవసరంగా బిగించకుండా ఉండి, ధర సమంజసమైతే ఒక్క బిడ్డునూ చెల్లుబాటుగా పరిగణించవచ్చని 2021 అక్టోబరు 29న కేంద్ర ఆర్థిక శాఖ విడుదల చేసిన సేకరణ మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్పాయి. మళ్లీ పిలవడానికీ ఖర్చు ఉంటుందని, పని ఆలస్యమవుతుందని కూడా గుర్తుచేశాయి. నాణ్యతకు ప్రాధాన్యమున్న పనుల్లో, షరతులకు లోబడి, సాంకేతిక అంశాలకు గరిష్ఠంగా 30 శాతం వెయిటేజీ ఇచ్చే వెసులుబాటునూ అవే కల్పించాయి. దారి ఉంది. నడిచే ధైర్యమే కావాలి.

రద్దుకు అయ్యే అసలు ఖర్చును ఏ ఫైలూ లెక్కగట్టదు. నీటి బోరు జూన్ తొలి వానలకు ముందే సిద్ధం కావాలి. ఫిబ్రవరిలో టెండరు రద్దయితే, రెండో పిలుపు, కొత్త గడువు, ఒప్పందం, రిగ్గు తరలింపు కలిసి వానాకాలాన్ని మింగేస్తాయి. జులైలో సంపులో నీరు చేరి యంత్రాలు ఒడ్డున నిలబడతాయి. ఆ నెల తగ్గిన ఉత్పత్తికి కారణం రాసే చోట 'అధిక వర్షాలు' అని ఉంటుంది గానీ 'ఫిబ్రవరిలో రద్దయిన టెండరు' అని ఎక్కడా ఉండదు.

బిడ్లు రావాలంటే పనిని పోగు చేయడమూ ముఖ్యమే. పెద్ద రిగ్గు రావాలంటే ట్రైలర్లు కావాలి, దారి చదును చేయాలి, నీళ్లు, కరెంటు, చోటు చూపాలి. ఒక్క బోరు కోసం ఎక్కడి నుంచో అంత సరంజామా తరలించుకు రావడం ఏ కాంట్రాక్టరుకూ గిట్టుబాటు కాదు. భూపాలపల్లిలో ఒకటి, రామగుండంలో రెండు, శ్రీరాంపూర్‌లో ఒకటి అంటూ ఏరియాకో టెండరు విడివిడిగా పిలిచే బదులు, ఏడాది అవసరాన్ని ఒకేచోట కలిపితే పొరుగు రాష్ట్రాల సంస్థలు కూడా తొంగిచూస్తాయి. బిల్లులు వేళకు రావడం ఇంకో ఆకర్షణ. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని చోట బిడ్డరు ఆలస్యానికి వడ్డీని కూడా మీటరు రేటులోనే కలిపేస్తాడు.

విచక్షణ అంటే అవినీతేనా?

ఇంత వెసులుబాటు ఇస్తే అయినవారికే పనులు కట్టబెడతారన్న అనుమానం సహజం. కొట్టిపారేయదగ్గది కూడా కాదు. ఒకే సంస్థకు సరిపోయేలా అర్హతలు కొలతేసి కుట్టడం మన టెండర్ల చరిత్రలో కొత్తేమీ కాదు. ఎల్1 పద్ధతి పుట్టిందే ఆ చేతివాటాన్ని కట్టడి చేయడానికి. కానీ అధికారి చేతులు కట్టేస్తే అవినీతి ఆగిపోదు, చోటు మారుతుంది. ఎంపికలో దొరకని లాభం కొలతల పుస్తకంలో, అదనపు పరిమాణాల్లో, లోపలికి దిగని కేసింగ్ పైపుల్లో దొరుకుతుంది. చేతులు కట్టేసే బదులు చేసేదంతా బయటపెట్టడమే మందు. సాంకేతిక మార్కులు ఎవరికెన్ని, ఎందుకు అన్నది వెబ్‌సైటులో పెట్టాలి. ప్రీ-బిడ్ సమావేశంలో అడిగిన ప్రతి ప్రశ్నకూ రాతపూర్వక జవాబు అందరికీ పంపాలి. అంచనాకు మరీ తక్కువగా వచ్చిన బిడ్డుకు రేటు విశ్లేషణ అడగాలి. ఆ అధికారం సేకరణ మాన్యువల్‌లో ఇప్పటికే ఉంది. బోరు పూర్తయ్యాక ఒరుగుడు సర్వే నివేదిక, ఖర్చు లెక్క, పట్టిన కాలం బయటపెడితే తర్వాతి టెండరుకు అదే గీటురాయి.

ఈ కాంట్రాక్టుల జంజాటమే ఎందుకు, సొంత రిగ్గులతోనే చేసుకోవచ్చు కదా అనే వాదన కార్మిక సంఘాల నుంచి వినిపిస్తుంది. అందులో బలం ఉంది. సింగరేణికి సొంత అన్వేషణ విభాగం ఉంది. కోలిండియాకు ప్రణాళికా సంస్థ సీఎంపీడీఐ డ్రిల్లింగు క్యాంపులున్నాయి. రోజూ ఉండే అన్వేషణ పనిని సొంత చేతుల్లో ఉంచుకోవడమే మేలు. అయితే ఏడాదికి నాలుగైదుసార్లు మాత్రమే అవసరమయ్యే పెద్ద వ్యాసం బోర్లకు కోట్లు పోసి రిగ్గులు కొని, మిగతా కాలమంతా షెడ్డులో ఉంచడం లాభసాటి కాదు. యాజమాన్యం వదులుకోకూడనిది యంత్రాన్ని కాదు, పని తెలిసిన మనిషిని. లాగ్ చూసి, పైకి వస్తున్న నీటి రంగు చూసి, కింద ఏ పొర తగిలిందో చెప్పగల డ్రిల్లరు సంస్థలో లేనప్పుడు కాంట్రాక్టరు చెప్పిందే వేదం అవుతుంది. పాతవారు రిటైరవుతున్నా ఆ కుర్చీలు ఖాళీగా ఉంచడం పొదుపు కాదు. కొనుగోలుదారుడి కళ్లు తీసేసుకోవడం.

కార్మికుడి విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. గని హద్దుల్లో పనిచేసే కాంట్రాక్టు డ్రిల్లరు కూడా గనుల భద్రతా చట్టం పరిధిలోకే వస్తాడు. వైద్య పరీక్ష, వృత్తి శిక్షణ అయ్యాకే పనిలోకి దిగాలి. గనుల్లో కాంట్రాక్టు కార్మికుల వేతనాల కోసం ఏళ్లుగా ఆందోళనలు సాగుతున్నాయి. వేతనాన్ని, శిక్షణను రేటులో కలిపి వేసిన కాంట్రాక్టరు, వాటిని ఎగ్గొట్టి తక్కువ వేసిన కాంట్రాక్టరు చేతిలో ఓడిపోయే పరిస్థితి ఉన్నంతకాలం చట్టం కాగితం మీదే ఉంటుంది. వేతన ఖర్చును పోటీ నుంచి తప్పించి, స్థిరమైన పద్దుగా చూపడం ఒక పరిష్కారం.

ఆపదలో టెండరు పిలవలేం

ఇక చివరిది, అన్నిటికంటే బరువైనది. 1989 నవంబరు 13న పశ్చిమ బెంగాల్‌లోని రాణిగంజ్ మహావీర్ గనిలోకి నీరు దూసుకొచ్చి 71 మంది లోపల చిక్కుకుపోయారు. ఆరుగురు చనిపోయారు. మిగిలిన 65 మందిని పైనుంచి కొత్తగా వేసిన బోరులోంచి ఒక్కొక్కరినే ఉక్కు క్యాప్సూల్‌లో పైకి లాగారు. మైనింగ్ ఇంజినీరు జస్వంత్ సింగ్ గిల్ స్వయంగా ఆ క్యాప్సూల్‌లో కిందికి దిగి అందరినీ పంపాడు. ఆయన సాహసానికి దేశం పతకమిచ్చింది, సినిమా తీసింది. ఆ సాహసానికి ముందు, సరైనచోట, సరైన వ్యాసంలో బోరు దిగాల్సి వచ్చిందన్న సంగతిని మాత్రం వెనక్కు నెట్టేశాం.

2002 జులైలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్వీక్రీక్ గనిలోనూ అలాగే జరిగింది. పాత గని పటం సరిగా లేక నీళ్లు నిండిన వర్కింగుల్లోకి తవ్వేశారు. తొమ్మిది మంది లోపల ఉండిపోయారు. ముందు సన్నని బోరు దించి గాలి పంపారు. ఆ తర్వాత 30 అంగుళాల బోరు మొదలుపెడితే దాదాపు 105 అడుగుల దగ్గర బిట్టు విరిగి లోపలే ఉండిపోయింది. ఇంకో రిగ్గు తెప్పించి పక్కనే రెండో బోరు మొదలుపెట్టారు. విరిగిన బిట్టును పట్టి తీసే పరికరాన్ని హడావుడిగా తయారు చేయించారు. తొమ్మిది మందీ ప్రాణాలతో బయటపడ్డారు. అక్కడ రిగ్గు ఎవరి దగ్గరుందో, ఎవరిని పిలవాలో తెలిసి ఉంది. అప్పుడు మూడు కొటేషన్లు అడిగే వ్యవధి ఎవరికీ లేదు.

మన గనులకు అలాంటి జాబితా ముందే ఉండాలి. పెద్ద వ్యాసం బోరు వేయగల సంస్థలను పోటీ ద్వారానే ఎంపిక చేసి, రేట్లు ఖాయం చేసుకుని, పిలిస్తే ఎన్ని గంటల్లో రిగ్గు కదలాలో ఒప్పందంలో రాసుకోవాలి. ఏడాదికోసారి మాక్ డ్రిల్లులో ఆ ఫోను నంబరు పలుకుతోందో లేదో చూడాలి. రిగ్గును ఇలా సిద్ధంగా ఉంచేందుకు ఇచ్చే రుసుము గని ఉత్పత్తి విలువ ముందు ఏ మూలకూ రాదు.

చేయాల్సింది ఇంతే. వచ్చే వానాకాలానికి ఏ గనికి ఏ బోరు కావాలో దసరా నాటికి ఏరియాలన్నీ కలిపి జాబితా తేల్చాలి. బీరువాల్లోని లాగ్‌లు, పాత వర్కింగుల పటాలు స్కాన్ చేసి టెండరుతో పాటే బిడ్డర్లందరికీ ఇవ్వాలి. ప్రీ-బిడ్ సమావేశం ఆఫీసులో కాకుండా బోరు వేసే చోటే దీపావళిలోగా పెట్టాలి. అర్హతను వేసిన బోర్లతో, సర్వే నివేదికలతో కొలవాలి, ఉత్త రూపాయలతో కాదు. సంక్రాంతికి రిగ్గు దిగితే, ఉగాది నాటికి పంపు పరీక్ష పూర్తవుతుంది. ఈ తేదీలు కుదరకపోతే ఏ టెండరు ఎన్ని బిడ్లు తెచ్చినా ప్రయోజనం లేదు, ఎందుకంటే గోదావరి లోయలో వాన ఏ టెండరు గడువు పొడిగింపునూ లెక్కచేయదు.